ఆవగింజంత అక్షరమునకు తగిన అద్దము



బియ్యములోని మట్టిబెడ్డను, పప్పులోని పురుగును, బిడ్డ అరికాలిలో విరిగిన ముల్లును, చీరయంచున తెగిన నూలుపోగును కనిపెట్టు కన్ను ప్రతి యింటను సాధారణముగా ఆడుదానిదే. చిన్నవస్తువును నిదానించి చూచుట మనకు దినచర్య. కావున సూక్ష్మవస్తువులను పెద్దవిగా చిత్రించు విద్య మనకు క్రొత్తదియైనను, మన స్వభావమునకు పరాయిది గాదు. దీనిని మాక్రో ఫొటోగ్రఫీ యందురు. ఇందులకు కావలసిన కెమేరాలు, లెన్సులు, దీపములు, పీటలు అంగడిలో లెక్కకు మిక్కిలిగా నున్నవి. వీనిలో ఏది కొనవలెను, ఏది మానవలెను అను సంగతి గడచిన రెండేండ్లలో నేను కొంత విచారించి తెలిసికొంటిని. ఆ తెలిసినదానిని మీతో పంచుకొనుటకే ఈ వ్యాసము.

ఈ విద్యలో స్త్రీలకు చోటులేదని యెవరైన ననినచో నమ్మవలదు. 1843లో ఇంగ్లండునందు అన్నా అట్కిన్సు అను వనిత కెమేరా లేకయే, రసాయనము పూసిన కాగితముపై సముద్రపు నాచుమొక్కల నుంచి, ఎండలో పెట్టి, వాని నీడలను నీలిరంగున ముద్రించి గ్రంథముగా వెలువరింప నారంభించెను. ఛాయాచిత్రములతో వచ్చిన మొదటి గ్రంథము అదియేయని చరిత్రకారు లందురు. మన హైదరాబాదునందు రాజా దీనదయాళుగారు 1892లో ఘోషాస్త్రీల కొరకు ప్రత్యేకముగా ఒక చిత్రశాలను తెరచి, దాని నిర్వహణము నొక ఆంగ్లవనిత కప్పగించిరి. పరదా వెనుక నుండు స్త్రీలు పరపురుషుని కంటబడకుండ అక్కడ చిత్రములు తీయించుకొనగలిగిరి. పందొమ్మిదవ శతాబ్దిలోనే కెమేరా ముందును, కెమేరా వెనుకను స్త్రీ నిలిచినదని దీనివలన తేటపడుచున్నది.

మాక్రో లెన్సు చరిత్ర యంత పాతది గాదు. చిన్న కెమేరాలకు తగిన మాక్రో లెన్సు 1955లో జర్మను శిల్పియగు హైన్‌జ్ కిల్‌ఫిట్టువలన మాక్రో-కిలార్ అను పేర వచ్చినది. ఆ మరుసటి యేట జపానులో నికాన్ వారు మైక్రో-నిక్కోర్ లెన్సును వెలువరించిరి. ఈ రెండవదాని పుట్టుక మనవంటివారికి మిక్కిలి ప్రీతి గొలుపును. జపానువారి లిపిలో ఒక్కొక్క అక్షరమున అనేకములైన సన్నని గీత లుండును. గ్రంథములను చిన్న ఫిల్ముపై నకలు తీయునపుడు పాశ్చాత్యుల అక్షరములకు చాలిన లెన్సులు వారి లిపికి చాలవయ్యెను. గీతకు గీత కలిసిపోకుండ చూపగల అద్దము కావలసివచ్చి, ఆ యవసరమునుండి ఆ లెన్సు పుట్టినది. అక్షరముపైని మమకారమే ఒక అద్దమును పుట్టించినదని తెలిసిననాడు నాకు గలిగిన సంతోష మింతంత గాదు. ఏలయన, నేను ఈ విద్యలో కాలుపెట్టుటకును అక్షరమే కారణము.

మేము ఖిలా వరంగల్లులో రాతికోట లోపల కాపురమున్నాము. మావారు బడిపంతులు. మా యింటినుండి కీర్తితోరణములు కూతవేటు దూరము. కాకతీయుల స్వయంభూదేవాలయమునకు నాలుగు దిక్కులందు నిలిపిన యీ తోరణములు, 1323లో ఓరుగల్లు ఢిల్లీసేనల వశమై ఆలయము శిథిలమైన పిమ్మటను నిలిచియున్నవి. 2014లో తెలంగాణము రాష్ట్రమైనపుడు ఈ తోరణమే రాష్ట్రచిహ్నమున చోటు చేసికొన్నది. చుట్టును నేలపై పడియున్న రాళ్లలో హంసలు, తీగెలు, ముత్యాలసరములు మలచబడియున్నవి. తొలకరిలో ఆరుద్రకార్తె ప్రవేశించగానే కోటలోని చేల గట్లపై ఎఱ్ఱని మఖమలు ముక్కలవలె ఆరుద్రపురుగులు నడయాడును. మా చిన్నవాడు వానిని చూచి, "అమ్మా, వీనికి ఆరు కాళ్లా, ఎనిమిది కాళ్లా?" యని అడిగెను. కంటితో లెక్కింపబోగా అది కదలిపోయెను. తరువాత చిత్రములో లెక్కించితిమి, ఎనిమిది. అది చీమల జాతి గాదు, సాలెపురుగులకు దగ్గర చుట్టము.

ఇవి ముచ్చటలు. అసలు కార్యము వేఱు. మా పుట్టినింటినుండి నాకు వచ్చిన సొత్తులో ఒక తాళపత్రముల కట్ట యున్నది. ముప్పదియాఱు ఆకులు. ఒక్కొక్కటి సుమారు 40 సెంటీమీటర్ల నిడివి, 28 మిల్లీమీటర్ల వెడల్పు. భాగవతములోని కొంతభాగమును మా నాయనగారి పూర్వులలో నొకరు గంటముతో వ్రాసిరి. అక్షరములు ఆవగింజ లంతంత. నాకు ఛందస్సును, ప్రబంధములను నేర్పినది మా నాయనగారే. బడికి పోయి నేర్చినదానికంటె ఆయన పీట ప్రక్కన కూర్చుండి నేర్చిన దెక్కువ. ఆయన కంటినరముల వ్యాధిచే క్రమముగా చూపు కోలుపోవుచున్నారు. పోయిన చూపు శస్త్రచికిత్సతో మరలివచ్చునది గాదని వైద్యులు చెప్పిరి. మిగిలియున్న చూపుతో మా యింటి టెలివిజను తెరపై జానెడేసి అక్షరములు మాత్రము చదువగలరు. ఒకవైపున ఆయన చూపు తఱుగుచున్నది, మరొకవైపున ఆకుల అంచులు పొడియై రాలుచున్నవి. ఈ రెంటిలో ఏది ముందు ముగిసినను కార్యము చెడును. కావున ఏ లెన్సు కొనవలెనను ప్రశ్న మా యింట వేడుకకు వచ్చినది గాదు.

మా తమ్ముడు తాను విడిచిన పాతకెమేరాను, దానితో వచ్చిన రెండు జూమ్ లెన్సులను నాకిచ్చెను. ఒకటి 18 నుండి 55 మిల్లీమీటర్లది, రెండవది 55 నుండి 250 మిల్లీమీటర్లది. పిల్లలకు సాయంకాలము పద్యములు చెప్పగా వచ్చిన సొమ్ము నాయొద్ద పదునెనిమిది వేలున్నది. ఆ సొమ్ముతో వాడుకలో నున్న మంచి మాక్రో లెన్సు నొకదానిని కొనుమని తమ్ముని సలహా. మావారు మాత్రము, "ముందు నీవు తీయదలచిన వస్తువు లేవో కాగితముపై వ్రాయుము. పిమ్మట అంగడికి పోవచ్చును" అనిరి. ఈ మాట నాకు మిక్కిలి మేలు చేసినది. మీకును అదియే మొదటి సలహాగా చెప్పుచున్నాను.

ఇక కొలతల సంగతి. కెమేరా లోపల వెలుగును పట్టు పలకను సెన్సారందురు. పెద్దరకమునకు 36 మిల్లీమీటర్ల వెడల్పు, 24 మిల్లీమీటర్ల ఎత్తు. మా కెమేరావంటి మధ్యరకమునకు సుమారు 22 మిల్లీమీటర్ల వెడల్పు, 15 మిల్లీమీటర్ల ఎత్తు. ఒక కందిగింజ ఆఱు మిల్లీమీటర్లున్నదనుకొందము. సెన్సారుపై దాని బింబము కూడ ఆఱు మిల్లీమీటర్లే పడినచో దానిని ఒకటికి ఒకటి యందురు. మూడే పడినచో సగము. నిక్కమైన మాక్రో లెన్సు ఒకటికి ఒకటి చూపవలెను. పూర్వపు లెన్సులలో సగము వరకే పోవునవియు మంచిపేరు గడించినవి కలవు. 1979లో వచ్చిన టామ్రాన్ 90 మిల్లీమీటర్ల లెన్సు అట్టిది. అనేక జూమ్ లెన్సులపై మాక్రో యను మాట ముద్రించియుండును గాని వాని శక్తి నాలుగవవంతు, మూడవవంతు దాటుట అరుదు. అంగడివాని మాటను నమ్మనక్కరలేదు. పిల్లల స్కేలు నొకదానిని తీసికొనిపోయి, లెన్సు ఎంత దగ్గఱకు రానిచ్చునో అంత దగ్గఱనుండి చిత్రము తీయుడు. చిత్రపు వెడల్పులో స్కేలు 22 మిల్లీమీటర్లు కనబడినచో, మాకెమేరావంటిదానికి అది ఒకటికి ఒకటి. 66 మిల్లీమీటర్లు కనబడినచో మూడవవంతు. ఈ పరీక్షకు ఖర్చు లేదు.

రెండవ విచారము దూరము. మాక్రో లెన్సులు ముఖ్యముగా మూడు నిడివులలో దొరకును. 50, 60 మిల్లీమీటర్లవి చవుక, తేలిక. కాని ఒకటికి ఒకటి తీయునపుడు వస్తువు లెన్సు మొగమునకు పది సెంటీమీటర్ల లోపలికి వచ్చును. కదలని వస్తువులకు ఇది చాలును. పురుగు మాత్రము అంత దగ్గఱకు పోనీయదు, పైగా లెన్సు నీడ దానిపై పడును. 90 నుండి 105 మిల్లీమీటర్లవి సుమారు పదునాలుగు సెంటీమీటర్ల ఎడ మిచ్చును. అన్నిపనులకు ఒక్కటే లెన్సు కావలెనన్నవారు వీనినే ఎన్నుకొనుట మేలు. 150 నుండి 200 వరకు గలవి జానెడు దూరమునకు పైగా నిలువనిచ్చును గాని బరువు, వెల రెండును హెచ్చు.

మూడవది లోతు. వస్తువు ఎంత పెద్దదిగా కనబడునో, స్పష్టముగా కనబడు పొర యంత పలుచబడును. మా కెమేరాలో ఒకటికి ఒకటి తీయునపుడు, లెన్సు రంధ్రమును పదునొకండవ అంకెకు మూసినను, స్పష్టమైన పొర మిల్లీమీటరుకు మించదు. ఆరుద్రపురుగు కన్ను స్పష్టమైనచో వెనుక కాలు మసకబాఱును. రంధ్రము నింకను మూసినచో లోతు పెరుగును గాని, అతిగా మూసిన వెలుగు వంగి చిత్రమంతయు మెత్తబడును. అదిగాక ఒకటికి ఒకటి తీయునపుడు సెన్సారును చేరు వెలుగు నాలుగవవంతునకు పడిపోవును. కావున ఈ విద్యలో వెలుగునకును స్థిరమైన పీటకును పెట్టు సొమ్ము లెన్సునకు పెట్టు సొమ్ము కంటె తక్కువ ఫలమియ్యదు. కొందఱు స్పష్టపు పొరను కొంచెము కొంచెముగా జరుపుచు పది, ఇరువది చిత్రములు తీసి, కంప్యూటరునందు కలిపి ఒక్కటి చేయుదురు. రాతిశిల్పమునకు, ఎండిన పువ్వునకు ఇది చక్కని యుపాయము. నడచు పురుగునకు పనికిరాదు.

ఇప్పుడు తక్కువ సొమ్ముతో పనిజరుపు ఉపాయములు నాలుగు చెప్పెదను.

మొదటిది ఎక్స్‌టెన్షన్ ట్యూబులు. ఇవి లోపల అద్దములేని బోలు కడియములు. కెమేరాకును లెన్సునకును నడుమ బిగింతురు. కడియపు నిడివిని లెన్సు నిడివితో భాగించిన ఎంతవచ్చునో అంత శక్తి అదనముగా చేరును. 50 మిల్లీమీటర్ల లెన్సునకు 25 మిల్లీమీటర్ల కడియము చేర్చినచో సగము పెరుగును. లోపల రాగి చుక్కలవంటి విద్యుత్స్పర్శలు గలవానినే కొనవలెను. అవి లేనివి చవుకగా దొరకును గాని, ఈకాలపు లెన్సులలో అనేకములకు రంధ్రమును మూయుట వానితో సాగదు.

రెండవది క్లోజప్ లెన్సు. ఇది లెన్సు మొగమున తగిలించు అద్దము. మన చదువుకండ్లద్దముల వంటిదే, దాని శక్తిని గూడ డయాప్టర్లలోనే చెప్పుదురు. నాలుగు డయాప్టర్లనగా దాని నిడివి 250 మిల్లీమీటర్లు. ఇక్కడ లెక్క వేఱు. లెన్సు నిడివిని ఈ అద్దపు నిడివితో భాగింపవలెను. కావున పొట్టి లెన్సునకు దీనివలన లాభము స్వల్పము, పొడుగు లెన్సునకు అధికము. మా 55 మిల్లీమీటర్ల లెన్సునకు అది ఐదవవంతు మాత్రమే చేర్చును. 250 మిల్లీమీటర్ల లెన్సునకు తగిలించినచో 250ని 250తో భాగింపగా సరిగా ఒకటికి ఒకటి! అదియును పురుగునకు ఇరువదియైదు సెంటీమీటర్ల దూరమున నిలిచియే. ఈ లెక్క తేలిననాడు మా యింట పండుగయే. ఒంటి అద్దముతో చేసిన చవుకరకము అంచులలో రంగులు చిమ్మును. రెండద్దములు కలిపి అతికిన రకమును వెదకి కొనవలెను.

మూడవది లెన్సును త్రిప్పి బిగించుట. దానికొక చిన్న కడియము చాలును, వెల స్వల్పము. 18 మిల్లీమీటర్ల వంటి పొట్టి లెన్సును వెనుక ముందుగా బిగించినచో శక్తి మిక్కుటమగును. కాని లెన్సు వెనుకభాగము దుమ్మునకు తెరచియుండును, రంధ్రమును మూయుట కష్టము. నేర్పు కుదిరినవారికే ఇది యోగ్యము.

నాలుగవది చేతిలోని ఫోను. ఇటీవలి ఖరీదైన ఫోనులు తమ వెడల్పు లెన్సుతోనే రెండుమూడు సెంటీమీటర్ల దగ్గఱనుండి చిత్రము తీయగలవు. 2021లో వచ్చిన ఐఫోన్ 13 ప్రో రెండు సెంటీమీటర్ల దూరమునుండి తీయునట్లు చేయబడినది. చవుకఫోనులలో రెండు మెగాపిక్సెళ్ల మాక్రో కెమేరా యొకటి వేఱుగా పెట్టియుందురు. అది లెక్కకు మాత్రమే. దానికంటె ఫోను ముఖ్యకెమేరాపై పటుకారువలె తగిలించు మంచి అద్దమునకు కొన్ని వందలు పెట్టుట మేలు. కాని ఫోను వస్తువునకు మరీ దగ్గఱ కావలసివచ్చుటచే దాని నీడయే వెలుగును మ్రింగునని మఱవరాదు.

ఈ తూనికలన్నియు తూచి నా కాగితముపైని వస్తువులతో సరిచూచుకొంటిని. తోరణముల పైభాగమున, సుమారు ముప్పదడుగుల ఎత్తున నున్న శిల్పములకు కావలసినది మాక్రో లెన్సు గాదు, 250 మిల్లీమీటర్ల జూమే. నేలపైని శిల్పములకును పురుగులకును అదే జూమునకు క్లోజప్ అద్దము తగిలించిన చాలును. ఆకుల సంగతి చూడగా మరొక విషయము తేలెను. చదువుటకు మాత్రమే యైనచో ఒకటికి ఒకటి యక్కరలేదు. ఐదవవంతు చాలును. అప్పుడు ఒక చిత్రమున సుమారు పదునొకండు సెంటీమీటర్ల ఆకు పట్టును. అంచులు కొంచెము కలియునట్లు నాలుగు చిత్రములలో ఒక పుట ముగియును. ముప్పదియాఱు ఆకులకు డెబ్బదిరెండు పుటలు, వెరసి 288 చిత్రములు. ఇంటనున్న 18–55 లెన్సే దీనికి చాలును. చెరిగిన చోట్లకు మాత్రము కడియములు చేర్చి శక్తిని పెంచుకొనవచ్చును.

కావున మాక్రో లెన్సును మానితిని. రెండద్దముల క్లోజప్ లెన్సు, విద్యుత్స్పర్శలు గల కడియములు, దృఢమైన ముక్కాలి స్టాండు, మెడ వంచగల చదువుదీపములు రెండు. అన్నియు పదునొకండు వేలకు లోబడినవి. మిగిలిన సొమ్ముతో చిత్రములు దాచుటకు ఒక హార్డుడిస్కు కొంటిని. తమ్ముడు, "అక్కా, మంచి లెన్సు చేతికందునది విడిచితివి" అని నొచ్చుకొనెను. అతని మాటలోను నిజమున్నది. రోజును పత్రములు నకలు తీయు వృత్తి గలవారికి మాక్రో లెన్సు మూలమూలలకు సమానమైన స్పష్టత నిచ్చును. మా పనికి అంత యక్కరలేదు.

దీపముల వాడుక గూర్చి విశేషముగా చెప్పవలెను. తాళపత్రముపై గంటముతో గీసిన గాడిలో మసి పూయుటచే అక్షరము నల్లగా కనబడును. కాలక్రమమున మసి పోయినను గాడి నిలుచును. ఇరువైపుల దీపములు సమానముగా వెలిగించినచో మసిగల అక్షరములు చక్కగా వచ్చును. మసి పోయిన చోట అట్టి వెలుగు నిష్ప్రయోజనము. అక్కడ ఒక దీపము నార్పి, రెండవదానిని ఆకు మట్టమునకు దించి, ప్రక్కనుండి ఏటవాలుగా వెలుగు పడనీయవలెను. అప్పుడు గాడిలో నీడ నిండి అక్షరము లేచి నిలుచును. అరిగిన శిలాశాసనమును సాయంకాలపు ఏటవాలుటెండలో చదువుట సులభమనుటకును కారణమిదియే. పురుగునకైనచో ఫ్లాషు ముందు తెల్లని పలుచని గుడ్డనో, ట్రేసింగు కాగితమునో కట్టి వెలుగును మెత్తపఱుపవలెను. లేనిచో మెఱయు వీపుపై తెల్లని మచ్చ పడును.

స్టాండు కుదురని గట్లపై, రాళ్లపై మన కుట్టుపనియే అక్కరకు వచ్చును. మూరెడు గుడ్డతో సంచికుట్టి, రెండు సేర్ల కందులు వదులుగా పోసి మూతిని కుట్టివేసినచో కెమేరా దానిపై బిడ్డవలె ఒదిగి కూర్చుండును. మా అత్తగారు దానిని చూచి, "కెమేరాకు గూడ పక్క పఱచితివా, అమ్మాయీ!" యని నవ్విరి. రక్షిత కట్టడముల ఆవరణములోనికి ముక్కాలి స్టాండు తీసికొనిపోవునపుడు కావలివారిని ముందుగా అడిగి తెలిసికొనుట మర్యాద.

మఱియొక మాట. కదలకుండుటకై పురుగును మంచుపెట్టెలో నుంచి, జిగురుతో అంటించి చిత్రములు తీయువారు కలరని విన్నాను. ఆ పని కూడదు. ఆరుద్రపురుగు కనబడినచో వానలు బాగుగా కురియునని మా కోటలోని రైతులు ముచ్చటపడుదురు. అట్టి అతిథిని హింసించి పొందిన చిత్రమున అందమేమి? తెల్లవాఱుజామున చలిచే పురుగులు మందముగా కదలును. ఆ వేళ మనము లేచినచో చాలును.

ఇక ఆకుల సంగతి. వేసవి సెలవులలో పగటిపూట వంట ముగిసిన పిమ్మట దినమునకు రెండు మూడాకుల చొప్పున తీసితిమి. మావారు ఆకును మెత్తనిగుడ్డపై పఱచుటయు, నేను కెమేరా మీటుటయు. పెళుసైన ఆకును అదిమి చదును చేయలేదు, వంగినది వంగినట్లే తీసితిమి. రాత్రి మా నాయనగారు తెర ముందు కూర్చుండి ఒక్కొక్క పద్యమును గొంతెత్తి చదువుచుండిరి. తప్పిపోయిన చోట తెర చూడకయే జ్ఞాపకమునుండి పూరించుచుండిరి. ఏది తెరపై చదివినదో ఏది కంఠస్థమో మాకు తెలియకుండెడిది.

కడపటి ఆకున వ్రాసినవాని ముగింపు మాట యున్నదని ఆయనకు చిన్ననాటినుండి తెలియును గాని, మసి పూర్తిగా పోవుటచే ఎవరును చదివినవారు లేరు. కడియములు బిగించి, దీపమును నేలమట్టమునకు దించి, కోణము మార్చుచు పదునేడు చిత్రములు తీసితిమి. పదునాలుగవదానిలో అక్షరములు లేచినవి. మా నాయనగారు చేతితో తెరను తడవుచు కూడబలుకుకొని చదివిరి. వ్రాసినవారు తమ కుమార్తె చదువుకొనుటకై యీ ప్రతిని వ్రాసితిమని చెప్పుకొనిరి. కొడుకు కొఱకు గాదు, కుమార్తె కొఱకు! ఆమె పేరును వ్రాసియుండిరి. సరిగా ఆ చోటనే పురుగు తొలిచిన రంధ్రము. మొదటి అక్షరపు తలకట్టును, చివరి అక్షరపు కొమ్మును మాత్రము మిగిలినవి.

నేను శక్తిని ఇంకను పెంచి చూచితిని. రంధ్రపు అంచున నారపోగులు తాళ్లవలె కనబడినవిగాని పేరు కనబడలేదు. ఉన్నదానిని అద్దము ఎంతైనను పెద్దది చేయును. లేనిదానిని తేజాలదు. మా నాయనగారు చాలసేపు మాటాడక, "అమ్మా, ఆమె పేరు పోయినది. ఆమె చదువు నీవఱకు వచ్చినది" అనిరి. ఆ రాత్రి నాకు నిదుర పట్టలేదు.

అందువలననే మీకు తొందరించి చెప్పుచున్నాను. మీ యింట అటకమీద తాళపత్రములో, అమ్మమ్మ వ్రాసిన జాబులో, పెండ్లిశుభలేఖలో, మసకబాఱిన చిత్రములో ఉన్నచో మంచి లెన్సు కొన్నపిమ్మట తీయుదమని వేచియుండవలదు. ఉన్న కెమేరాతోనో, ఫోనుతోనో నేడే తీయుడు. కిటికీవెలుగున ఒకసారి, ఏటవాలు దీపమున మరొకసారి. చేతివణకు తగులకుండుటకు రెండు సెకనుల గడువుపెట్టి మీటుడు. తీసినదానిని రెండుచోట్ల దాచుడు. ఆకులకు తోచిన నూనెలు పూయక, తెలిసినవారి నడుగుడు. వ్రాతప్రతులను కాపాడుటకు భారతప్రభుత్వము 2003లో ఒక జాతీయపథకమునే ఆరంభించినది. మనయింటి కట్టకు మాత్రము మొదటి కావలి మనమే.

వాడిన లెన్సును కొనువారు చేతిదీపము నొకవైపునుండి వేసి రెండవవైపునుండి చూడవలెను. లోపల సాలెగూడువంటి తీగెలు కనబడినచో అది బూజు, కొనరాదు. వానకాలమున మనయింటి అప్పడములకు పట్టు చెమ్మయే లెన్సులకును పట్టును. గాలిచొరని డబ్బాలో సిలికా పొట్లములతో నుంచి, నెలకొకసారి బయటికి తీసి వాడుచుండినచో చాలకాలము మన్నును.

మా ఆకులలో డెబ్బదిరెండు పుటలును ఇప్పుడు హార్డుడిస్కులో నొకప్రతి, తమ్మునియొద్ద నొకప్రతి యున్నవి. మా నాయనగారు ప్రతిరాత్రియు రెండు పుటలు చదువుచున్నారు. చూపు సన్నగిల్లుకొలది మేము అక్షరమును కొంచెము పెంచుచున్నాము. తెర చాలని నాడు నేను చదివెదను, ఆయన వినెదరు.